చింతచెట్ల మీది కాపురాలు

శ్రీకాకుళం నుంచి పక్షుల అభయారణ్యం ఉన్న తేలినీలాపురం సుమారు 65 కిలోమీటర్లు. టెక్కలి దాకా జాతీయ రహదారి, అక్కడి నుంచి నౌపడ వైపు ఊళ్ల మధ్య దారి. సంక్రాంతి దాటాక, జనవరి చివరి వారం చూసుకుని బయలుదేరాం. అక్టోబరులో వెళ్తే పక్షులు ఇంకా కొమ్మలు పంచుకుంటూ ఉంటాయి. మార్చి నెలాఖరుకి పిల్లలు రెక్కలొచ్చి పోతుంటాయి. జనవరి చివర్లో అయితే ఒక్క చెట్టు మీదే అన్ని ఘట్టాలూ కనిపిస్తాయి. ఒక కొమ్మన పుల్లలు సర్దుకునే జంట, పక్క కొమ్మన గుడ్లు పొదిగే తల్లి, ఆ పైన నోళ్లు తెరిచి గోలపెట్టే పిల్లలు. అన్ని జంటలూ ఒకే ముహూర్తానికి కాపురం పెట్టవు కదా.

ఒక్కటే చిక్కు, రథసప్తమి కూడా అటూ ఇటూగా ఈ రోజుల్లోనే వస్తుంది. అరసవల్లి జనంతో శ్రీకాకుళంలో గది దొరకడం కష్టం. ఆ రెండు మూడు రోజులు తప్పించుకోవాలి, లేదంటే ముందే గది మాట్లాడుకోవాలి. రైల్లో వచ్చేవాళ్లకి నౌపడ జంక్షన్ దగ్గరే గానీ ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు. పలాసలోనో ఆమదాలవలసలోనో దిగి, బస్సులో టెక్కలి చేరి, ఆటో కట్టించుకోవడం నయం. ఆటోని మాత్రం వెనక్కి పంపెయ్యకండి, తిరుగు ప్రయాణానికి బండి దొరకడం అనుకున్నంత తేలిక కాదు.

ఊరికి చేరేసరికి మంచు ఇంకా విడలేదు. అభయారణ్యం అన్న మాట విని పెద్ద అడవిని ఊహించుకుంటే నిరాశే. ఇక్కడ అడవి లేదు, ఊరే ఉంది. ఇళ్ల పక్కన, పెరళ్లలో పెద్ద పెద్ద చింతచెట్లు, వాటి మీద గూళ్లు. కింద ఆవులు, గడ్డివాములు, పళ్లు తోముకుంటున్న మనుషులు. అటవీ శాఖ వాళ్ల కేంద్రం, చూడ్డానికి ఒక టవరూ ఉన్నాయి. టవరెక్కితే గూళ్లు దాదాపు కంటి ఎత్తుకి వస్తాయి. పొద్దుటిపూట సూర్యుడు మన వీపు వెనక ఉండేలా నిలబడాలి. లేకపోతే నల్లటి నీడలు తప్ప రంగులు కనబడవు. 8 రెట్లు చూపించే బైనాక్యులర్స్ చాలు, అంతకంటే పెద్దవైతే చెయ్యి వణికి బొమ్మ నిలవదు. టోపీ మాత్రం మరవొద్దు. చెట్టు కింద నిలబడితే రెట్ట ఒక్కటే పడుతుందనుకోకండి, సగం అరిగిన చేపలూ పడతాయి. ఆ కంపు మొదటి పావుగంట భరిస్తే తరవాత ముక్కుకి అలవాటైపోతుంది.

ఇక్కడ ఉండేవి ప్రధానంగా రెండు జాతులు, గూడబాతు (పెలికాన్), ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్). రెండూ సైబీరియా నుంచి వస్తాయని జిల్లా అంతా చెప్పుకుంటారు, పేపర్లలోనూ అలాగే రాస్తారు. అది నిజం కాదు. రెండూ మన దక్షిణాసియా పక్షులే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ, గుడ్లు పెట్టడానికి ఏటా ఇక్కడికి చేరతాయి. ఊరి పెద్దలు వీటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు. సైబీరియా కథ కంటే ఆ మాటే సత్యానికి దగ్గర.

ఎక్కువ సేపు చూడాల్సింది ఎర్రకాళ్ల కొంగల జత కుదిరే తీరు. మగది ముందుగా కొమ్మ మీద చోటు చూసి పెట్టుకుంటుంది. ఆడది దగ్గరికి రాగానే నేరుగా దానివైపు చూడదు, రెక్కలో ముక్కు పెట్టి ఈకలు దువ్వుకుంటున్నట్టు నటిస్తుంది. ఆడది రెక్కలు సగం విప్పి, ఒళ్లు వంచి, ముక్కు కాస్త తెరిచి అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంది. మగది మొదట్లో పొడవబోతుంది, తరుముతుంది. అది కాస్త దూరం జరిగి మళ్లీ వస్తుంది. ఈ తతంగం చూడాలంటే ఒకే కొమ్మ మీద కన్ను నిలిపి అరగంటైనా కూర్చోవాలి. చెట్టు చెట్టుకీ పరిగెత్తేవాళ్లకి ఏదీ దక్కదు. జత కుదిరాక పుల్లలు తెచ్చే పని ఎక్కువగా మగదానిది, వాటిని గూట్లో అమర్చడం ఇద్దరిదీ. పుల్లతో వాలిన ప్రతిసారీ రెండూ తలలెత్తి, దించి, ముక్కులు టకటకలాడించుకుంటాయి. పెద్ద కొంగకి గొంతు దాదాపు లేనట్టే, ఆ టకటకే దాని మాట. చెట్టంతా మోగే గోల పిల్లలది.

తొమ్మిది దాటాక గూడబాతుల వంతు. అంతదాకా ఇవెందుకు బద్ధకంగా కూర్చున్నాయా అనిపిస్తుంది. నాలుగైదు కిలోల బరువు, రెండున్నర మీటర్ల రెక్కల వెడల్పు ఉన్న పక్షి రెక్కలాడిస్తూనే దూరం పోవాలంటే తిన్నది చాలదు. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, అప్పుడు ఆ గాలి మీద గుండ్రంగా తిరుగుతూ పైకెక్కి, తంపర అనే చిత్తడి నేల వైపు జారిపోతాయి. అందుకే తెల్లవారగానే చూసేసి టిఫినుకి వెళ్లిపోయినవాళ్లు అసలు సంగతి పోగొట్టుకుంటారు. ఎండ ముదిరాక ఇంకొకటి కనిపిస్తుంది. తల్లో తండ్రో సూర్యుడికి వీపు పెట్టి రెక్కలు గొడుగులా విప్పి నిలబడతాయి, పిల్లలు ఆ నీడలో ముడుచుకుంటాయి.

ఫోటోలో పక్షి ఎగరాలని కొందరు చప్పట్లు కొడతారు, డ్రోన్లు ఎగరేస్తారు. పెద్దవి లేస్తే కాకులు గుడ్లకి దిగుతాయి. గూట్లో పిల్లకి ఎండ దెబ్బ తగులుతుంది. బెదిరిన పిల్ల కొమ్మ అంచుకి పాకి కింద పడుతుంది. పడ్డ పిల్లకి తల్లి కిందికొచ్చి మేత పెట్టదు. అలా పడిన పిల్ల కనిపిస్తే ఎత్తుకోకుండా కేంద్రంలో ఉన్నవాళ్లకి చెప్పాలి. చచ్చిన పక్షినైతే అసలు ముట్టుకోకూడదు. 2021 చివర, 2022 మొదట్లో ఇక్కడ గూడబాతులు వరసగా చనిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరే నులిపురుగులే కారణమని తేలింది. పక్షులు వచ్చే కాలమూ తుఫానుల కాలమూ ఒక్కటే కావడం ఇంకో గండం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. ఇవి చెట్లు చూసుకునే రోజులూ అవే.

మధ్యాహ్నం భోజనం చేసి నౌపడ వైపు తంపరకి, ఉప్పుమళ్లకి వెళ్లాం. ఎర్రకాళ్ల కొంగ వేట ఇక్కడే చూడాలి. మోకాలి లోతు బురదనీటిలో ముక్కు సగం తెరిచి ముంచి, అటూ ఇటూ ఊపుతూ, కాలితో అడుగు కలియబెడుతూ నడుస్తుంది. ముక్కుకి చేప తగిలిందంటే టక్కున మూసుకుంటుంది. కంటితో పని లేదు కాబట్టి మురికినీళ్లు దానికి అడ్డం కావు.

ఉప్పుమళ్ల గట్ల వెంట బురదలో అటూ ఇటూ పరుగులు తీసే పిచ్చుకంత పిట్టలు కనిపించాయి. లిటిల్ స్టింట్ అంటారు, ఉల్లంకి పిట్టల్లో బాగా చిన్నది. బరువు 25 గ్రాములు అటూ ఇటూ. సైబీరియా నుంచి వచ్చేది ఇది. ఆర్కిటిక్ అంచున మంచు కరిగిన నేల మీద గుడ్లు పెట్టి, వేలాది కిలోమీటర్లు ఎగిరొచ్చి ఈ బురదలో చలికాలం గడుపుతుంది. దీని కోసం బోర్డు లేదు, టవరు లేదు. నాకైతే రోజంతటిలో చేతులు జోడించాలనిపించింది దీన్ని చూశాకే. గట్టు దిగకుండా కూర్చుంటే పది అడుగుల దూరానికి వాటంతట అవే వస్తాయి. లేచి దగ్గరికి నడిస్తే గుంపు మొత్తం లేచిపోతుంది. ఉప్పు పనివాళ్లని అడిగే మళ్లలోకి వెళ్లండి, గట్లు మెత్తన, కాలు పడితే తెగిపోతాయి.

ఏప్రిల్ దాటితే తేలినీలాపురంలో ఖాళీ గూళ్లు తప్ప ఏమీ ఉండవు. వానాకాలంలో వచ్చేవాళ్లు ఇంకా ఉత్తరానికి, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వెళ్లాలి. అక్కడ జూన్ నుంచి నత్తగుల్ల కొంగలు ఇలాగే ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. గొడుగు ఒకటి, లెన్సు తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డలు రెండు ఎక్కువ పెట్టుకోండి.