34 మాటల కవిత: ఇంటర్న్‌షిప్‌లో నా అనుభవం

ఎం.ఏ.లో ఆంగ్ల సాహిత్యం చదివానన్న ధీమాతోనే నేను బి.ఇడి.లో ఇంగ్లీషును మెథడ్‌గా, అంటే బోధన నేర్చుకునే సబ్జెక్టుగా, ఎంచుకున్నాను. ఎనిమిది పంక్తుల కవితను ఒక పీరియడ్‌లో చెప్పడం ఏమంత పని అనుకున్న ఆ ధీమా ఇంటర్న్‌షిప్ రెండో వారంలో, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోని పదో తరగతి ఏ సెక్షన్‌లో, ముప్పై అయిదు మంది పిల్లల ముందు సడలిపోయింది.

2014 నాటి నిబంధనలతో బి.ఇడి. రెండేళ్ల కోర్సు అయింది, అందులో 20 వారాలు బడిలో గడపాలి. బడికి పంపే ముందు కాలేజీలో మాతో మైక్రో టీచింగ్ చేయించారు. ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు సలహాలు, పన్నెండు నిమిషాల్లో పాఠాన్ని మళ్లీ అల్లుకోవడం, మరో ఆరు నిమిషాలు పునర్బోధన, చివరి ఆరు నిమిషాలు మళ్లీ సలహాలు, అంతా కలిపి 36 నిమిషాల చక్రం. నల్లబల్ల వాడకం, ప్రశ్నలు వేయడం వంటి నైపుణ్యాలు విడివిడిగా అలవడ్డాయన్నది నిజమే కానీ, అక్కడ పిల్లలుగా కూర్చున్నది తోటి ట్రైనీలు కాబట్టి ఏ ప్రశ్నకైనా మర్యాదగా చేయి ఎత్తేవారు. అర్థం కాని ముఖం ఎలా ఉంటుందో ఆ 36 నిమిషాల్లో ఎక్కడా కనబడలేదు.

నాకు వచ్చిన పాఠం ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకంలోని మొదటి కవిత, రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన ‘డస్ట్ ఆఫ్ స్నో’. 1923లో ఆయన సంపుటిలో వచ్చిన ఈ కవిత మొత్తం 34 మాటలు, వ్యాకరణరీత్యా ఒకే ఒక్క వాక్యం. ఒక కాకి చెట్టు మీది నుంచి కవి మీదికి మంచు రజను రాల్చిన తీరు ఆయన మనసు మార్చి, పాడైపోయిందనుకున్న రోజులో కొంత భాగాన్నైనా కాపాడింది. విషయమంతా ఇంతే. దీన్ని లక్ష్యాలు, స్పష్టీకరణలు, ఉపాధ్యాయ కృత్యాలు, విద్యార్థి కృత్యాలు అని గళ్లు గీసిన లెసన్ ప్లాన్‌లో నింపడానికి నాకు ఒక రాత్రి పట్టింది. ‘విద్యార్థి కవితను ఆస్వాదిస్తాడు’ అని రాసి, ఆస్వాదించినట్లు ఎలా తెలుస్తుందో రాయవలసిన గడిలో ‘ప్రశ్నలకు జవాబులు చెబుతాడు’ అని రాశాను. అది జవాబు కాదని రాస్తున్నప్పుడే తెలుసు.

ఏ సెక్షన్‌లో కవి జీవితం గురించి పది నిమిషాలు చెప్పి, కవితను ఒకసారి చదివి, పంక్తి పంక్తికీ తెలుగు అర్థం చెబుతూ పోయాను. కవితలోని చెట్టు పేరైన హెమ్లాక్ దగ్గర ఆగి, గైడులో ఉన్నట్లే అది విషవృక్షమని, సోక్రటీసు తాగింది దాని విషమేనని, కాకీ విషవృక్షమూ రెండూ అశుభసూచకాలని, అశుభం నుంచే శుభం కలిగిందని చెప్పి మురిసిపోయాను. మూడో బెంచీలో ఒక అబ్బాయి లేచి, “మేడమ్, కాకి తల మీద తన్నితే మా నాయనమ్మ తలస్నానం చేసేదాకా ఇంట్లోకి రానివ్వదు, మరి ఈయనకు సంతోషం ఎందుకైంది?” అని అడిగాడు. పిల్లలు నవ్వారు. టైమ్ చాలదన్న కంగారులో “తర్వాత చెబుతాను, కూర్చో” అన్నాను. ఆ రోజు ఆ తరగతిలో కవితకు దగ్గరగా వచ్చినది ఆ ప్రశ్న ఒక్కటే.

వెనక కూర్చుని చూసిన, మాకు మార్గదర్శి అయిన మెంటర్ సార్ అబ్జర్వేషన్ షీట్‌లో రెండే ముక్కలు రాశారు: “పిల్లలు మీ మాట నలభై నిమిషాలు విన్నారు. కవితను అర నిమిషం విన్నారు.” ఆ తర్వాత స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ, “అమ్మా, విషం మొక్క అన్నారు కదా, కాకి వాలి మంచు దులిపేంత చెట్టు అది అవునో కాదో ఒకసారి చూసుకోండి” అన్నారు. ఆ రాత్రి చూశాను. సోక్రటీసు విషం పూలు పూసే మెత్తని కాండం మొక్కది. ఫ్రాస్ట్ కవితలోని చెట్టు అమెరికా ఈశాన్య ప్రాంతపు కొండల్లో పెరిగే, సూదుల్లాంటి ఆకులుండే పెద్ద చెట్టు, దానిలో విషం లేదు. పేరు ఒక్కటే, అది మొక్క, ఇది చెట్టు. అంటే నేను మురిసిపోయిన వ్యాఖ్యానంలో సగం ఊడిపోయింది.

రెండు రోజుల తర్వాత బీ సెక్షన్‌కు వెళ్లినప్పుడు పుస్తకాలు మూయించి, కవితను మూడుసార్లు నెమ్మదిగా చదివాను. మూడోసారికి వెనక బెంచీల వాళ్లు కూడా క్రో–స్నో, మీ–ట్రీ అని ప్రాసలు అందుకున్నారు. మూడ్, రూడ్ కూడా కలిశాయని చెవితో పట్టుకున్న పిల్లలు పుస్తకం తెరిచాక స్పెల్లింగులు వేరుగా ఉన్నాయని తెల్లబోయారు. ఆ చివరి మాటను ‘మొరటు’ అనే అర్థమున్న రూడ్ అనుకుని ‘మొరటు రోజు’ అని రాసుకున్న అమ్మాయి కూడా ఉంది. అక్కడ నేను తప్పు దిద్దడానికి తొందరపడకుండా, ఏ రోజును తలచుకుంటే ‘అయ్యో, ఇలా జరగకుండా ఉంటే బాగుండేది’ అనిపిస్తుందో చెప్పమన్నాను. కవితలోని ఆ మాటకు ‘చింతించిన’ అన్న అర్థం వాళ్ల జవాబుల్లోంచే వచ్చింది.

అసలు ఇబ్బంది మంచు. మన పిల్లలకు పొగమంచు తెలుసు, గడ్డి మీది మంచు బిందువులు తెలుసు, ఫ్రిజ్‌లో మంచుగడ్డ తెలుసు. తెలుగులో అన్నీ మంచే. అదే పుస్తకంలో స్నో, ఐస్, ఫాగ్ మూడింటి మీదా మూడు కవితలున్నాయి, వాటిలో రెండు రాసిన కవి ఇంటిపేరుకు అర్థం కూడా మంచే. బొమ్మ చూపిద్దామనుకున్నాను కానీ, ముందురోజు రాత్రి వాన కురిసి ఉండడంతో పిల్లలను ఆవరణలోని కానుగ చెట్టు కిందికి తీసుకెళ్లి ఒక కొమ్మ ఊపాను. మెడ మీద చల్లటి చినుకులు పడగానే అందరూ ఒక్కసారి కేకవేశారు. లోపలికి వచ్చాక “కవి మనసు మార్చింది ఏది?” అని అడిగితే కాకి అన్నారు, మంచు అన్నారు, చివరికి ఒక అమ్మాయి మొదటి పంక్తి మళ్లీ చదివి, “రాల్చిన తీరు, మేడమ్” అంది. ఆ వాక్యంలో కర్త అదే. వ్యాకరణం క్లాసులో కర్త, క్రియ ఎన్నిసార్లు చెప్పినా రాని మెరుపు ఆ అమ్మాయి ముఖంలో చూశాను.

అయితే పదో తరగతి అంటే పరీక్షే. చెట్టు సంగతి చెప్పగానే “మరి పరీక్షలో విషం అని రాయాలా వద్దా మేడమ్?” అన్న ప్రశ్న వచ్చింది, అది న్యాయమైన ప్రశ్న. మెంటర్ సార్‌ను అడిగితే, ‘ఒక చెట్టు’ అని రాసి, కాకి చేసిన పని, కవిలో వచ్చిన మార్పు స్పష్టంగా రాస్తే మార్కు పోదన్నారు. ప్రాస క్రమం అడిగితే ఏబీఏబీ, సీడీసీడీ అని రాయడం ఎలాగూ నేర్పాను.

తర్వాతి సోమవారం ఏ సెక్షన్‌కు వెళ్లి, నేను చెట్టు గురించి తప్పు చెప్పానని, నోట్సులో ఆ పంక్తి కొట్టేయమని చెప్పాను. ఒక క్షణం నిశ్శబ్దం తర్వాత స్కేళ్లు పెట్టి శ్రద్ధగా కొట్టేశారు. ఆ మూడో బెంచీ అబ్బాయిని లేపి, ఆ రోజు వాయిదా వేసిన ప్రశ్నను మళ్లీ అడగమన్నాను. అడిగాడు. ఈసారి జవాబు నేను చెప్పలేదు, తరగతినే అడిగాను. కాకి కావాలని చేయలేదని ఒకరు, మనసు బాగాలేనప్పుడు చల్లగా ఏది పడినా బాగుంటుందని ఇంకొకరు, అమెరికాలో నాయనమ్మలు ఈ పట్టింపు పట్టరని మరొకరు అన్నారు. బెల్ కొట్టినా వాదన ఆగలేదు, తర్వాతి పీరియడ్ మ్యాథ్స్ మాస్టారు గుమ్మంలో నిలబడి నా వైపు చూస్తున్నారు.