బీపీ మిషన్ కొని పంపితే సరిపోదు

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిపోగా, విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వంటి చోట్ల ఇద్దరే మిగిలిన పెద్దవాళ్ల ఇళ్లలో బీపీ మిషన్, షుగర్ మిషన్, రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ ఇప్పుడు మామూలు సామాన్లయిపోయాయి. అవన్నీ పిల్లలు ప్రేమతో కొని పంపినవే. కానీ పక్కన కూర్చుని వాడకం నేర్పే మనిషి లేకపోతే అవి ధైర్యానికి బదులు దిగులునే మిగులుస్తాయని మా పెద్దమ్మను చూశాక నాకు గట్టిగా అనిపించింది.

రైతుబజారు నుంచి సంచులు మోసుకుంటూ మేడ ఎక్కి వచ్చి, ఆయాసం తీరకముందే మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని, ఫోనులో అక్కతో మాట్లాడుతూనే ఆవిడ బీపీ చూసుకునేవారు. పై అంకె 160 కనిపిస్తే ఇక ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. నిజానికి కొలిచే ముందు అరగంటపాటు కాఫీ తాగకూడదు; వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలమీద ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, చేతిని గుండె ఎత్తున బల్లమీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రాసుకోవాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కనుక, కొనేటప్పుడే చేతి చుట్టుకొలత చూసుకోవడం అవసరం. ఆసుపత్రిలో 140/90 హద్దయితే ఇంట్లో సాధారణంగా సగటు 135/85 దాటితే ఎక్కువగా లెక్కిస్తారు. ఒక్క అంకెను చూసి మాత్రలు సొంతంగా పెంచుకోవడం, మానేయడం రెండూ ప్రమాదమే. ఆ రాతల పుస్తకం డాక్టరుకు చూపించాలి.

షుగర్ చూసేటప్పుడు మామిడిపండు రసం అంటిన వేలిని కడగకపోతే లేని షుగర్ కనిపిస్తుంది. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి.

అన్నింటికన్నా నన్ను కలవరపెట్టేది ఆక్సిజన్ కాన్సంట్రేటర్. గదిలోని గాలి నుంచే ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే ఆ యంత్రం కరెంటు పోతే ఆగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన తర్వాత చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు రాలేదన్న సంగతి ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. అందువల్ల ఆ యంత్రం ఉన్న ఇంట్లో సిలిండరు కూడా సిద్ధంగా ఉండాలి. దసరాకు వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లేలోపు అది నిండుగా ఉందో లేదో చూసి, డాక్టరు చెప్పిన మోతాదుకు సిలిండరు మీట తిప్పి పెట్టడం ఇంట్లోవాళ్ల చేత ఒకసారి చేయించి చూడాలి.