బ్యాకప్ ఇమేజ్ తెరుచుకోకపోతే ముందుగా చూడవలసినది

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తీసిన డిస్క్ ఇమేజ్‌ను (డిస్క్ మొత్తానికి ఫైల్ రూపంలో తీసిన నకలును) మౌంట్ చేసినప్పుడు, అంటే ఒక డ్రైవ్‌లా తెరిచినప్పుడు, డ్రైవ్ లెటర్ కనిపించకపోతే, ఫైల్ పాడైపోయిందని నిర్ణయించుకుని దానిని తుడిచివేసి, కొత్త బ్యాకప్ మొదలుపెట్టేవారు చాలామంది ఉన్నారు. ఏళ్ల తరబడి దాచుకున్న ఫోటోలూ లెక్కలూ ఆ తొందరలోనే పోతాయి. నా దగ్గరకు వచ్చిన వాటిలో ఎక్కువ ఇమేజ్‌లు చెక్కుచెదరకుండానే ఉన్నాయి. వాటిని అడ్డుకున్నది గుర్తింపు సమస్య.

డిస్క్‌ను భాగాలుగా విభజించడానికి ఎంబీఆర్ అనే పాత పద్ధతి, జీపీటీ అనే కొత్త పద్ధతి ఉన్నాయి. ఎంబీఆర్ పద్ధతిలో విభజించిన డిస్క్‌కు మొదటి సెక్టార్‌లో 4 బైట్ల సిగ్నేచర్, అంటే గుర్తింపు సంఖ్య, ఉంటుంది. జీపీటీ పద్ధతిలో దాని స్థానాన్ని జీయూఐడీ అనే 16 బైట్ల గుర్తింపు సంఖ్య తీసుకుంటుంది. పూర్తి డిస్క్ ఇమేజ్ అక్షరం పొల్లుపోని నకలు కాబట్టి ఈ గుర్తింపు కూడా అందులోకి యథాతథంగా వస్తుంది. అసలు డిస్క్ అమర్చి ఉన్న కంప్యూటర్‌లోనే ఆ ఇమేజ్‌ను మౌంట్ చేస్తే, ఒకే ఆధార్ సంఖ్యతో ఇద్దరు వచ్చి నిలుచున్నట్టు అవుతుంది. అప్పుడు విండోస్ రెండవ డిస్క్‌ను ఆఫ్‌లైన్‌లో ఉంచుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఆ మాట అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అసలు ప్రమాదం ఆ తరువాతి అడుగులో ఉంది. కుడి బటన్ నొక్కి ‘ఆన్‌లైన్’ ఎంచుకోగానే ఫైళ్లన్నీ కనిపిస్తాయి, పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఆ క్షణంలో విండోస్ ఇమేజ్‌లో కొత్త సిగ్నేచర్ రాసివేస్తుంది. ఎంబీఆర్ డిస్క్‌లో బూట్ వివరాలు పాత సిగ్నేచర్‌నే పట్టుకుని ఉంటాయి కాబట్టి, రేపు హార్డ్ డిస్క్ చెడిపోయి అదే ఇమేజ్‌ను రీస్టోర్ చేసినప్పుడు కంప్యూటర్ బూట్ కాకపోవచ్చు. అందువల్ల ఒక్క ఫైల్ కోసమైనా సరే, ఇమేజ్‌ను అసలు డిస్క్ లేని వేరే కంప్యూటర్‌లో, రీడ్ ఓన్లీగా (రాయడానికి వీల్లేకుండా) తెరవడమే మేలని నా అభిప్రాయం. వేరే కంప్యూటర్ లేనివారు, ఇమేజ్ వీహెచ్‌డీ లేదా వీహెచ్‌డీఎక్స్ (విండోస్ వర్చువల్ డిస్క్ ఫైల్) రకానిదైతే, డిస్క్‌పార్ట్ అనే విండోస్ కమాండ్ సాధనంలో దానిని పేరెంట్‌గా చూపి ఒక డిఫరెన్సింగ్ డిస్క్‌ను (మార్పులను మాత్రమే దాచే పిల్ల ఫైల్‌ను) సృష్టించుకుని, ఆ పిల్ల ఫైల్‌నే అటాచ్ చేసుకోవాలి. మార్పులన్నీ పిల్ల ఫైల్‌లోకి వెళతాయి, అసలు ఇమేజ్ అలాగే ఉంటుంది.

లినక్స్‌లోనూ ఇదే చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఒకే యూయూఐడీ (వాల్యూమ్ గుర్తింపు సంఖ్య) ఉన్న రెండవ వాల్యూమ్‌ను మౌంట్ చేయనివ్వదు. తెర మీద వచ్చే సందేశం ఫైల్ సిస్టమ్ రకమే తప్పన్నట్టు దారి తప్పిస్తుంది; డీమెసేజ్ కమాండ్‌తో కెర్నల్ సందేశాలు చూస్తేనే ఒకే యూయూఐడీ రెండుచోట్ల ఉందన్న అసలు కారణం తెలుస్తుంది. ‘నోయూయూఐడీ’ ఆప్షన్ జోడిస్తే అది తెరుచుకుంటుంది. ఎక్స్‌టీ4 అనే మరో ఫైల్ సిస్టమ్ విషయంలో మరో జాగ్రత్త అవసరం: రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా, జర్నల్‌లో (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టాలో) మిగిలిన పని ఉంటే దానిని పూర్తి చేయడానికి డిస్క్ మీద రాస్తుంది. ఇమేజ్ ఏమాత్రం మారకూడదనుకుంటే లూప్ డివైస్‌నే (ఇమేజ్ ఫైల్‌ను డిస్క్‌లా చూపే లినక్స్ ఏర్పాటును) రీడ్ ఓన్లీగా పెట్టి, ‘నోలోడ్’ ఆప్షన్ కూడా ఇవ్వాలి.

గుర్తింపుతో సంబంధం లేని కారణాలు కొన్ని ఉన్నాయి, కానీ అవి తేలికగానే తేలిపోతాయి. వీహెచ్‌డీ ఫైల్ కంప్రెస్ చేసిన ఫోల్డర్‌లో ఉంటే విండోస్ దానిని తెరవదు, మామూలు ఫోల్డర్‌లోకి మారిస్తే చాలు. బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) తాళం ఉన్న డిస్క్‌ను ఉన్నదున్నట్టు నకలు తీసి ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. ఇంక్రిమెంటల్ బ్యాకప్‌లలో, అంటే గత బ్యాకప్ తరువాతి మార్పులను మాత్రమే దాచే వాటిలో, మధ్య ఫైల్ ఒక్కటి లేకపోయినా దాని తరువాతివేవీ తెరుచుకోవు, కనుక ‘పాతవి కదా’ అని వాటిని తీసివేయకూడదు.

పని ముగిశాక ఇమేజ్‌ను డిటాచ్ చేయడం (మౌంట్ నుంచి విడదీయడం) మరవకూడదు. మౌంట్ అయి ఉన్న ఇమేజ్ వాడుకలో ఉన్న ఫైల్‌గా లెక్క కాబట్టి, రాత్రి నడిచే బ్యాకప్ దాని దగ్గర ఆగిపోయే అవకాశం ఉంది. డిటాచ్ కాకపోతే సాధారణంగా తెరిచి ఉంచిన ఫోల్డర్ కిటికీనో, యాంటీవైరస్ స్కానో దానిని పట్టుకుని ఉంటుంది. మౌంట్ చేయకముందు ఒకసారి, డిటాచ్ చేశాక మరోసారి ఆ ఫైల్ షా-256 విలువ (ఫైల్‌లోని సమాచారం నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చండి. రెండూ ఒకటే అయితే ఇమేజ్ మారలేదని నిశ్చింతగా ఉండవచ్చు.