బోరోబుదూర్ గోడల మీద సుధనుడి ప్రయాణం

ఇండోనేషియాలోని జావా ద్వీపం నడిబొడ్డున, యోగ్యకర్త నగరానికి వాయవ్యంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న బౌద్ధ మహాకట్టడం బోరోబుదూర్‌కు వెళ్లేవారిలో ఎక్కువమంది తూర్పు మెట్ల దారిన తిన్నగా పైకెక్కి, జాలీ స్తూపాల మధ్య ఫొటోలు దిగి, అదే దారిన కిందికి వచ్చేస్తారు. అలా చూడడం నాటకానికి వెళ్లి భరతవాక్యం మాత్రం విని రావడమే. బోరోబుదూర్ అసలు సొత్తంతా దాని వరండాల గోడల మీద ఉంది.

ఆ గోడలు చూడడానికి బయలుదేరిన నేనూ నా భార్యా ముందుగా అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలోని మెందుత్ ఆలయానికి వెళ్లాం. మెందుత్, పావొన్, బోరోబుదూర్ మూడూ ఇంచుమించు ఒకే సరళరేఖ మీద ఉంటాయి. ఏటా వైశాఖ పూర్ణిమనాడు బౌద్ధుల ఊరేగింపు మెందుత్‌లో బయలుదేరి, పావొన్ మీదుగా బోరోబుదూర్ చేరుతుంది. మెందుత్ గర్భగుడిలో మూడు మీటర్ల ఎత్తున్న బుద్ధుడు పీఠంపై నుంచి రెండు కాళ్లూ కిందికి దించి, ధర్మచక్ర ముద్రలో కూర్చుని ఉంటాడు. ఇరువైపులా అవలోకితేశ్వరుడు, వజ్రపాణి అనే బోధిసత్త్వులు. ఎనిమిదో, తొమ్మిదో శతాబ్దాల నాటి జావా శిల్పంలో ఇంత నిండుదనం ఉన్న విగ్రహాలు మరెక్కడా నా కంటపడలేదు. మెట్ల పక్క గోడలపై చిన్న చిన్న కథాఫలకాలున్నాయి. రెండు పక్షులు మోసుకుపోతున్న కర్రను నోట కరిచి పట్టుకుని వేలాడుతున్న తాబేలును చూడగానే మా ఇద్దరికీ నవ్వు వచ్చింది. చిన్నప్పుడు పంచతంత్రంలో చదివిన ఆ కథకు అక్కడ ఎవరూ వివరణ ఇవ్వనవసరం లేకపోయింది. పావొన్ చిన్న గుడి, పావుగంటలో చూడడం అయిపోతుంది.

జావాను ఏలిన శైలేంద్ర రాజుల కాలంలో, అంటే సుమారు క్రీ.శ. 780–830 మధ్య నిర్మించిన బోరోబుదూర్‌లో గర్భగుడి లేదు, లోపలికి వెళ్లే దారీ లేదు. ఒక సహజమైన గుట్టను ఆధారం చేసుకుని, దాదాపు 20 లక్షల అగ్నిపర్వత శిలాఖండాలను సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చి, కింద చుట్టూ వరండాలున్న చదరపు అంతస్తులు, వాటిపైన మూడు గుండ్రటి వేదికలు, అన్నిటికీ పైన ఒక మహాస్తూపం కట్టారు. గుట్టలోకి ఇంకిన వాన నీరే దీనికి పెద్ద శత్రువైంది. శతాబ్దాల తరబడి ఆ తేమకు గోడలు ఉబ్బి ఒరిగిపోవడంతో, 1975–82 మధ్య యునెస్కో సహాయంతో ఇండోనేషియా ప్రభుత్వం చదరపు అంతస్తుల రాళ్లను ఊడదీసి, నీరు పోయే ఏర్పాట్లు లోపల అమర్చి, తిరిగి పేర్చింది.

ఇప్పుడు పైకెక్కడానికి వేరే టికెట్ తీసుకోవాలి, కేటాయించిన వేళకే వెళ్లాలి, గైడ్ వెంట ఉండాలి. రాళ్లు అరగకుండా వాళ్లిచ్చే నేత చెప్పులే వేసుకోవాలి. ఈ నియమాలన్నీ సబబైనవే. అయితే శిల్పాలన్నిటినీ వరసగా చదవాలంటే మొదటి వరండాలో నాలుగుసార్లు, పై మూడింటిలో రెండేసి సార్లు, వెరసి పది ప్రదక్షిణలు చేయాలి. ఇచ్చిన సమయంలో అది జరిగే పని కాదు. ఏది చూడాలో ముందే నిర్ణయించుకుని రావడం ఒక్కటే మార్గం. మా గైడ్‌కు ఆ సంగతి చెబితే ఆయన సంతోషంగా ఒప్పుకుని, మమ్మల్ని మొదటి వరండాలో ఎడమవైపుకు తిప్పారు.

అక్కడ ప్రధాన గోడ పై వరసలో, బుద్ధుడి జీవితకథ చెప్పే లలితవిస్తరం ఆధారంగా చెక్కిన 120 ఫలకాలున్నాయి. బుద్ధుడు పుట్టకముందు ఉన్న తుషిత స్వర్గంలో మొదలైన కథ సారనాథ్‌లో తొలి ధర్మోపదేశంతో ముగుస్తుంది. ఆయన చివరి ఘట్టమైన మహాపరినిర్వాణం ఇక్కడ లేదు. బుద్ధుడి తల్లి మాయాదేవి రథంలో లుంబినికి వెళ్లే ఫలకం ముందు చాలాసేపు నిలబడ్డాం. అదే వరండాలో కింది వరసలో ప్రసిద్ధమైన ఓడ ఉంది. ఎత్తిన తెరచాపలు, తాళ్లు పట్టుకుని పాకులాడే నావికులు, ఓడ ఒరగకుండా పక్కన కట్టిన తేలుడు దుంగలు, అన్నిటినీ ఆ శిల్పి ఓడ పనులు దగ్గరగా చూసినవాడిలా చెక్కాడు. ఈ శిల్పాల ఆధారంగా ఒక ఓడను కట్టి 2003–04లో జావా నుంచి ఆఫ్రికాలోని ఘనా దాకా నడిపారు. ఆ ఓడ ఇప్పుడు బోరోబుదూర్ ప్రదర్శనశాలలోనే ఉంది.

రెండో వరండా నుంచి పైదాకా సాగేది గండవ్యూహ సూత్రమనే మహాయాన బౌద్ధ గ్రంథంలోని కథ. నా దృష్టిలో తెలుగువారు బోరోబుదూర్‌లో వెతికి చూడవలసింది ఇదే. దక్షిణాపథంలోని ధన్యాకర నగరంలో, పూర్వపు చైత్యం ఉన్న వనంలో జ్ఞానానికి ప్రతీకైన బోధిసత్త్వుడు మంజుశ్రీ బోధ విన్న సుధనుడనే శ్రేష్ఠి కుమారుడు జ్ఞానం కోసం బయలుదేరి యాభైమందికి పైగా గురువులను కలుస్తాడు. వారిలో భిక్షువులు, రాజులే కాక నావికుడు, సుగంధద్రవ్యాల వర్తకుడు, ఇసుకలో ఆడుకునే బాలుడు, వసుమిత్ర అనే వేశ్య కూడా ఉన్నారు. ఆ ధన్యాకరం మన అమరావతి దగ్గరి ధాన్యకటకమే అని పలువురు పండితుల అభిప్రాయం. సుమారు 460 ఫలకాలు ఈ ఒక్క కథకే కేటాయించారు. నిజం చెప్పాలంటే మొదటి వరండా శిల్పంలోని చురుకుదనం ఇక్కడ లేదు. గురువు మండపంలో కూర్చుని ఉంటాడు, సుధనుడు చేతులు జోడించి ఉంటాడు, వెనుక గొడుగు పట్టిన పరివారం ఉంటుంది. మళ్లీ మళ్లీ అదే దృశ్యం. కానీ ఎవరి దగ్గరికైనా అదే వినయంతో వెళ్లడమే ఆ కథకు ప్రాణం కనుక, ఆ పునరుక్తిని లోపంగా భావించడానికి నాకు మనసు రాలేదు.

పైన 72 జాలీ స్తూపాల్లో ఒక్కొక్క బుద్ధుడు ఉన్నాడు. మొత్తం 504 బుద్ధ విగ్రహాల్లో సగానికి పైగా ఇప్పుడు తలలు లేనివే. దిగివచ్చాక ఆగ్నేయ మూలకు తప్పక వెళ్లాలి. పునాదికి దన్నుగా తర్వాత కట్టిన రాతి అంచు వెనుక కర్మఫలాలను చూపే 160 ఫలకాలు దాగి ఉన్నాయని 1885లో బయటపడింది. వాటిని ఫొటోలు తీయించి మళ్లీ కప్పేశారు. ఈ మూలన మాత్రం కొన్నిటిని తెరిచి ఉంచారు. ఏమి చెక్కాలో శిల్పికి గుర్తుచేసే చిన్న చిన్న రాతలు కొన్ని ఫలకాలపై చెరిపేయకుండా మిగిలిపోయాయి. పనివాళ్ల చేతిరాత అంత దగ్గరగా చూసే అవకాశం మహా కట్టడాల్లో అరుదు.

మర్నాడు యోగ్యకర్తకు తూర్పున ఉన్న ప్రంబానన్‌కు వెళ్లాం. అక్కడి శివాలయం, రామాయణ శిల్పాలు లోకప్రసిద్ధం కనుక వాటి గురించి ఇక్కడ రాయను. అదే ఆవరణలో ఉత్తరం కొసన ఉన్న సేవు బౌద్ధాలయం వైపు మాత్రం జనం పలుచగా వస్తారు. ద్వారాల దగ్గర గదలు పట్టి మోకాలు వంచిన భారీ ద్వారపాలకులు, నడుమ పెద్ద గుడి, చుట్టూ చిన్న గుడులు, మొత్తం 249. క్రీ.శ. 792 నాటి శాసనం దీనిని మంజుశ్రీగృహమని పేర్కొంటుంది. సుధనుడిని దారి పట్టించిన మంజుశ్రీ ఆలయమే ఇది. ఎండ ముదరక ముందే అక్కడికి నడిచి, తర్వాత ప్రంబానన్ చూడడం మేలు. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు, సేవు చేరేసరికి వాళ్లకు ఓపిక మిగలదు.