62 ఏళ్ళు, మా ఇంట్లో ముగ్గురి లెక్క

2022 జనవరిలో, సంక్రాంతికి వారం ముందు, పీఆర్సీతో (వేతన సవరణతో) పాటు ఉద్యోగుల రిటైర్మెంట్ వయసును 60 నుంచి 62కి పెంచుతున్నామని ఏపీ ప్రభుత్వం చెప్పినప్పుడు మా ఆఫీసులో దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. అప్పటికే ఐఆర్ (మధ్యంతర భృతి) 27 శాతం తీసుకుంటున్నాం, ఫిట్‌మెంట్ (కొత్త బేసిక్‌లో కలిపే పెంపు) చూస్తే 23 శాతం, జీతం పెరగడం అటుంచి చేతికొచ్చేది తగ్గుతుందేమోనని అందరం మండిపడుతున్నాం, తర్వాతి నెలలో ఉద్యోగుల ఛలో విజయవాడ నిరసన కూడా జరిగింది. ఆ గొడవలో ఈ రెండేళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. కానీ మా ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి ఇదే చర్చ.

మా అక్క చిత్తూరు వైపు గవర్నమెంట్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. 2022 మేలో రిటైర్ కావాల్సింది, 2024 మేలో అయింది. ఆమె కూతురు గ్రూప్-2కి చదువుతోంది, తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర హాస్టల్లో ఉంటుంది, పగలంతా లైబ్రరీలోనే. నేను రెవెన్యూలో సీనియర్ అసిస్టెంట్‌ని, 2004 సెప్టెంబర్ తర్వాత చేరినవాణ్ణి, అంటే సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పద్ధతిలో ఉన్నవాణ్ణి.

అక్కకి ఆ రెండేళ్ళు అవసరమే. ఇంటి లోను తీరలేదు, కూతురి హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు ఆ జీతంలోంచే వెళ్ళాయి. కానీ ఆ రెండేళ్ళు ఎలా చేసిందో చూసినవాళ్ళకి తెలుసు. రెండు మోకాళ్ళకీ నీక్యాప్‌లు వేసుకుని, నైట్ డ్యూటీలో వార్డు ఆ చివరి నుంచి ఈ చివరికి సెలైన్లు మారుస్తూ తిరిగి, పొద్దున బస్సు మెట్టు ఎక్కడానికి కడ్డీ పట్టుకుని ఒక్క క్షణం ఆగేది. కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూసే నాకూ, ఆమెకీ 62 ఒకటే ఎలా అవుతుంది? ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. అనుభవం ఉన్నవాళ్ళ సేవలు వాడుకుంటామన్నారు, మంచిదే, అలాంటప్పుడు 60 దాటిన నర్సుకి నైట్ డ్యూటీ తీసేసి కొత్తగా చేరిన పిల్లలకి పని నేర్పించమని చెప్పొచ్చు కదా.

అసలు కారణం డబ్బు అని నా నమ్మకం. ఒక మనిషి రిటైరైతే గ్రాట్యుటీ, 300 రోజుల దాకా సంపాదిత సెలవు డబ్బు, పెన్షన్లో కొంత భాగం కమ్యూట్ చేసుకుని ముందే తీసుకునే మొత్తం, అన్నీ ఒక్కసారే చెల్లించాలి. 2022, 2023 రెండేళ్ళూ వయసు నిండి రిటైరయ్యేవాళ్ళు లేకపోతే ఆ చెల్లింపు మొత్తం 2024కి వాయిదా పడుతుంది. వాయిదా పడటమే, తగ్గడం కాదు.

ఇక మాలాంటి మధ్యవాళ్ళు. పైన సీటు ఖాళీ కాకపోతే కింద ప్రమోషన్ ఉండదు, సీనియారిటీ లిస్టులో రెండేళ్ళు ఎక్కడివాళ్ళం అక్కడే. అయినా నేను 62ని పూర్తిగా తప్పు పట్టలేను. పాత పెన్షన్ వాళ్ళకి చివరి బేసిక్‌లో సగం పెన్షన్ వస్తుంది, 33 ఏళ్ళ సర్వీసు నిండినవాళ్ళకి అదనపు రెండేళ్ళ వల్ల కలిసొచ్చేది ఇంక్రిమెంట్ల మేరకే. సీపీఎస్ అయితే నెలనెలా మా 10 శాతం, ప్రభుత్వం 10 శాతం పోగవుతూ పోతుంది, ఆలస్యంగా ఉద్యోగంలో చేరినవాడికి ప్రతి అదనపు ఏడాదీ ముఖ్యమే. అలా ఆలస్యంగా ఎందుకు చేరాల్సి వచ్చిందన్నదే నా బాధంతా.

మా మేనకోడలి విషయానికొస్తాను. దాని నోట్‌బుక్ మొదటి పేజీలో నోటిఫికేషన్ల తేదీలు వరుసగా రాసి పెట్టుకుంది, పక్కనే ఎర్ర ఇంకుతో ఆ ఏడాది జూలై 1కి తన వయసు. గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 డిసెంబర్‌లో వచ్చింది, అప్పటికి దాని డిగ్రీ కాలేదు. తర్వాత 2021 జూన్‌లో జాబ్ క్యాలెండర్ అని 10,143 పోస్టులు ప్రకటించారు, అందులో గ్రూప్-1, గ్రూప్-2 రెండూ కలిపి 36! ఆ దెబ్బకి హాస్టల్లో సగం మంది పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్ళకి పోయారు. ఏడు నెలలు తిరక్కుండానే ఈ 62. మళ్ళీ గ్రూప్-2 వచ్చింది 2023 డిసెంబర్‌లో, 897 పోస్టులతో, దాని మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న. "మామా, అమ్మకి ఇచ్చిన రెండేండ్లు నా దగ్గర తీసుకునే ఇచ్చినారు" అని ఒకరోజు అన్నం తింటూ అంది. అక్క మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది. తల్లి జీతంతో చదువుకుంటున్న పిల్ల ఆ మాట అనడం తప్పని నేను గట్టిగానే మందలించాను గానీ, దాని లెక్కలో తప్పేముందో మాత్రం చెప్పలేకపోయాను.

పరీక్షలకి వయోపరిమితి పెంచితే సరిపోతుందని కొందరంటారు. టీచర్ పోస్టుల మెగా డీఎస్సీకి 44 చేశారు, సంతోషం. కానీ 1998 డీఎస్సీలో క్వాలిఫై అయినవాళ్ళకి 2023లో, అదీ కాంట్రాక్టు మీద మినిమం టైమ్ స్కేల్‌తో (స్కేలులో మొదటి మెట్టు జీతంతో), పోస్టింగులిచ్చారు. యాభై దాటాక మొదటిసారి హాజరు పట్టీలో సంతకం పెట్టిన మనిషికి రిటైర్మెంట్ 60 అయినా 62 అయినా ఎన్నేళ్ళ సర్వీసు మిగులుతుంది?

వయసు తగ్గించి చూడటం కూడా అయింది. 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కాగానే 58ని 55 చేశారు, కుర్రవాళ్ళకి ఉద్యోగాలివ్వాలని. ఆ ఫిబ్రవరి 28న 55 దాటినవాళ్ళంతా ఒకేసారి ఇంటికి. టీచరుగా ఉన్న మా పెదనాన్న అందులో ఒకరు, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు అప్పటికింకా కాలేదు. 1984 ఆగస్టులో మళ్ళీ 58 చేశారు, మధ్యలో ఇంటికి పంపినవాళ్ళ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కాబట్టి 62ని వెనక్కి తీసుకోమని నేను అడగను, ఇంకోసారి అలాంటి దెబ్బ ఏ ఇంటికీ వద్దు.

నేను అడిగేది వేరే. ఉద్యోగి పుట్టిన తేదీ ఎస్ఆర్ (సర్వీస్ రిజిస్టర్) మొదటి పేజీలో ఉంటుంది. చేరిన రోజే రిటైరయ్యే నెల తెలిసిపోతుంది. ఏ జిల్లాలో, ఏ శాఖలో, వచ్చే ఐదేళ్ళలో ఎన్ని పోస్టులు ఖాళీ అవుతాయో లెక్క తీయడానికి కమిటీలు అక్కర్లేదు, జీతాల బిల్లులు పెట్టే కంప్యూటర్లోనే ఉంది. ఆ జాబితా ప్రతి జనవరిలో బయట పెట్టాలి, ఖాళీ అయిన పోస్టుకి ఆ ఏడాదే నోటిఫికేషన్ ఇవ్వాలి. మా యూనియన్ మీటింగ్‌లో ఇది తీర్మానంగా పెట్టమంటే, "ముందు డీఏ బకాయిల సంగతి చూద్దాం సార్" అన్నారు. బకాయిలు నాకూ రావాలి. అయినా వచ్చే మీటింగ్‌కి మళ్ళీ రాసిస్తున్నాను, ఈసారి మా శాఖలో 2029 దాకా రిటైరయ్యేవాళ్ళ లెక్క నెలలవారీగా తీసి జత చేస్తున్నాను. మీ మీ శాఖల్లో ఉన్నవాళ్ళు కూడా అలా తీసి పంపితే అన్నీ కలిపి పెడతాను.