తీపి వల్ల రాలేదు

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇంట్లో అందరికీ జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గాయి. నాకు మాత్రం దాహం మిగిలింది. చెంబుల కొద్దీ నీళ్లు తాగేదాన్ని, రాత్రుళ్లు పక్క తడిపేదాన్ని, గౌన్లన్నీ వదులైపోయాయి. జ్వరం తర్వాతి నీరసమే అన్నాడు మా వీధి డాక్టరు. బలానికి గ్లూకోజు నీళ్లు పట్టమన్నాడు. చక్కెర పరీక్ష ఒక్కటి చేసి ఉంటే! ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆ రాత్రి వాంతులు, కడుపునొప్పి. మంచం మీద ఉన్నదాన్ని ఉన్నట్టే రొప్పుతున్నాను. నా నోటి నుంచి మాగిన పండు వాసన వస్తోందని అమ్మ కంగారుపడింది. గుంటూరు వెళ్లే దారంతా నన్ను నిద్రపోనివ్వకుండా ఎక్కాలు చెప్పించింది. పన్నెండో ఎక్కం మధ్యలో నాకు తెలివి తప్పింది.

కీటోఅసిడోసిస్ అన్నారు: షుగరు జబ్బులో ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రాణాపాయ స్థితి. సెలైను, ఇన్సులిన్, గంటగంటకూ వేలి మీద సూది. బతికాను.

కళ్లు మూసుకుని పడుకున్న నాకు మేనత్త మాట వినిపించింది: "అడిగిందల్లా తినిపించావు వదినా, బంగారంలాంటి పిల్లకి షుగరు తెచ్చిపెట్టావు." అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పండగ పూట కూడా తీపి ముట్టలేదు.

టైప్ 1 డయాబెటిస్ తీపి తింటే రాదు. మన రోగనిరోధక శక్తే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. జన్యువుల్లో ఆ అవకాశం ఉన్న పిల్లల్లో కాక్సాకీ-బి వంటి ఎంటెరోవైరస్‌లు (పేగుల్లో పెరిగే వైరస్‌లు) ఈ దాడికి నాంది కావచ్చని పరిశోధకుల అనుమానం. అమెరికా, ఐరోపా పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన టెడ్డీ అధ్యయనం 2019లో ఒక సంగతి బయటపెట్టింది: ఈ రకం వైరస్ ఒంట్లో చాలాకాలం తిష్ట వేసిన పిల్లల్లో ఆ దాడి ఎక్కువగా కనిపించింది. దాడి మొదలయ్యాక జబ్బు బయటపడడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. కాబట్టి ఆ వేసవి జ్వరమే మూలమని నేను అనను. లోపల ముందే మొదలైనదాన్ని అది బయటపెట్టి ఉండవచ్చు. ఏదైనా, అమ్మ చేతి లడ్డూ మాత్రం కాదు.

జ్వరం తగ్గిన పిల్లలు అదేపనిగా నీళ్లు తాగుతున్నా, మళ్లీ పక్క తడుపుతున్నా, చిక్కిపోతున్నా ఆ రోజే చక్కెర పరీక్ష చేయించండి. డాక్టరు వద్దన్నా అడిగి చేయించండి.

నా ఆసుపత్రి ఖర్చుకు గాజులు తాకట్టు పెట్టింది కూడా ఆ మేనత్తే. అత్తయ్యా, మీ రుణం నేను మరచిపోను. కానీ మీరు ఒకసారి అమ్మ దగ్గర కూర్చుని, ఆ రోజు అన్న మాట తప్పని చెప్పాలి.