జింజాలో, నైలు మీద

నిన్న ఉగాండాలోని జింజాలో పడవ ఎక్కాం. విక్టోరియా సరస్సు నుంచి నైలు నది బయల్దేరేది ఇక్కడే. 1862 జూలై 28న బ్రిటిష్ అన్వేషకుడు జాన్ స్పీక్ చూసిన రిపన్ జలపాతం ఇప్పుడు లేదు, 1954లో పూర్తయిన డ్యామ్ వల్ల మునిగిపోయింది.

నా మనసు మాత్రం స్పీక్ వెంట నడిచిన ఆఫ్రికన్ దుబాసీ సిదీ ముబారక్ బాంబే చుట్టూనే తిరిగింది. చిన్నతనంలోనే ఆయన్ని బానిసగా అమ్మేస్తే మన దేశం చేరాడు. యజమాని చనిపోయాక విడుదలై ఆఫ్రికాకు తిరిగెళ్లాడు. 1858లో స్పీక్ మొదటిసారి ఈ సరస్సు చూసినప్పుడు పక్కనే ఉన్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది ఏ భాషో తెలుసా? హిందుస్తానీ! స్పీక్ ఊళ్లవాళ్లను ఏం అడగాలన్నా ఈయన నోటి మీదుగానే.

పడవ ఒడ్డుకొస్తుంటే పిల్లలకు ఆ పేరు రెండుసార్లు చెప్పాను. చిన్నవాడు అప్పుడే అడిగాడు, "మరి వాళ్ల అమ్మ మళ్లీ కనిపించిందా?" అని.